పాత లావాలు, లోతు సముద్రపు రాళ్ళు: వయసు తేల్చడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

కింద ముదురు ఆకుపచ్చ బసాల్ట్ (గట్టిపడ్డ లావా), దాని మీద ఎర్రటి చెర్ట్ (గట్టి సిలికా రాయి), ఆపైన నల్లటి షేల్ (పలకలుగా విడే బురదరాయి), ఇంకా పైన ఇసుకరాయీ బురదరాయీ ఒకదాని మీద ఒకటిగా వందల పొరలు. అంతా మడతలు పడి, ఫాల్టులతో (రాయి పగిలి జరిగిన చోట్లతో) ముక్కలై, కొన్నిచోట్ల తలకిందులై ఉంది. దీని వయసెంత?

ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ఇందులో నాలుగు ప్రశ్నలున్నాయి. లావా ఎప్పుడు పారింది? బురద ఎప్పుడు పేరుకుంది? సముద్రపు పలక జారుతూ వచ్చి ఈ రాళ్ళను ఖండం అంచుకు ఎప్పుడు అతికించింది? ఆ తర్వాత ఎప్పుడు వేడెక్కి మారిపోయాయి? ఒకే కొండలో ఈ నాలుగు సంఘటనల మధ్య పదుల కోట్ల ఏళ్ళ తేడా ఉండొచ్చు. ఏ పద్ధతైనా వీటిలో ఒక్కదానికే జవాబిస్తుంది. అందుకే "ఏది మంచి పద్ధతి" అని అడిగితే నేను ముందు "మీకు ఏ సంఘటన కావాలి" అని తిరిగి అడుగుతాను. ల్యాబ్ నుంచి వచ్చిన అంకె సరైనదే అయినా, అది వేరే ప్రశ్నకు జవాబు కావడం ఈ రంగంలో రోజూ జరిగేదే.

## ఎంపికకు ముందు చూడాల్సినవి

మొదటిది పైన చెప్పినదే, సంఘటన. రెండోది, మీ దగ్గర నిజంగా ఏ రాయి ఉంది. బసాల్ట్ మాత్రమే ఉంటే జిర్కాన్ (వయసు కట్టడానికి వాడే గట్టి ఖనిజం) మీద ఆశ పెట్టుకోవద్దు, సిలికా తక్కువగా ఉన్న లావాలో అది దాదాపుగా ఏర్పడదు. మూడోది, ఆ రాయి ఎంత వేడి చూసింది. 300 డిగ్రీలు దాటితే కొన్ని గడియారాలు (రేడియోధార్మిక క్షయంతో కాలం చెప్పే ఖనిజాలు) మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి, శిలాజాలు చెరిగిపోతాయి. నాలుగోది, ఎంత కచ్చితత్వం కావాలి. "ఇది ఆర్డోవిషియనా, డెవోనియనా" అని (భూచరిత్రలో ఏ కాలానిదో) తేల్చడానికి ఒక శాతం పొరపాటు ఉన్నా ఫరవాలేదు. ఒక జీవజాతి అంతరించడానికీ ఒక అగ్నిపర్వతం పేలడానికీ మధ్య సంబంధం చూపించాలంటే అదే ఒక శాతం పనికిరాదు. ఖర్చు, వేచి చూడాల్సిన సమయం ఎలాగూ ఉంటాయి, కానీ అవి ఆఖరున. చవకగా వచ్చిందని తప్పు పద్ధతి పట్టుకుంటే రెండోసారి ఖర్చు తప్పదు.

## ముందు రాయిని గుర్తుపట్టండి

వయసు కట్టడంలో జరిగే పొరపాట్లలో పెద్దవి ల్యాబ్‌లో కాదు, కొండ మీదే జరుగుతాయి.

పిల్లో లావా, అంటే నీళ్ళలో పారి దిండ్లలా గడ్డకట్టిన లావా, తీసుకోండి. అడ్డుకోతలో ఒక్కో పిల్లో చుట్టూ సన్నటి ముదురు అంచు ఉంటుంది. నీళ్ళు తగిలిన క్షణంలో గడ్డకట్టిన గాజు అది, ఇప్పుడు చాలావరకు క్లోరైట్ అనే ఖనిజంగా మారి ఆకుపచ్చగా కనిపిస్తుంది. అంచుకు లోపలగా గ్యాసు బుడగల గుంతలు వరుసగా ఉంటాయి. పైభాగం ఉబ్బి, అడుగు భాగం కిందనున్న రెండు పిల్లోల సందులోకి తోకలా దిగి ఉంటుంది. ఆ తోక చూపించేదే అప్పటి కింది వైపు. తలకిందులైన వరుసను పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు అరుదు. మూడు పిల్లోల మధ్య మిగిలిన మూల సందులో ఒక్కోసారి ఎర్రటి చెర్ట్ గానీ సున్నపురాయి గానీ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తప్పకుండా సంచిలో వేసుకోండి. అందులో శిలాజం దొరికితే లావా పారిన కాలం దాదాపుగా చేతికొచ్చినట్టే.

అయితే పిల్లో కనిపించగానే లోతు సముద్రం అనేయకూడదు. సరస్సులోనూ, తీరం పక్కనా కూడా పిల్లోలు ఏర్పడతాయి. వాటిలో బుడగలు ఎక్కువగా, పెద్దగా ఉంటే నీటి ఒత్తిడి తక్కువన్న అనుమానం రావాలి. లోతుకు సాక్ష్యం చుట్టూ ఉన్న అవక్షేపాలే ఇస్తాయి. కాల్షియం కార్బొనేట్ కరిగిపోయే లోతు, అంటే నేటి సముద్రాల్లో సుమారు నాలుగైదు కిలోమీటర్ల కింద, సున్నపు బురద నిలవదు. సిలికా గవ్వల జీవులైన రేడియోలేరియా, సన్నటి బంకమట్టి మాత్రమే మిగులుతాయి. అందుకే సున్నం లేని పొరల చెర్ట్‌కు అంత విలువ.

చెర్ట్ విషయంలోనూ మోసం ఉంది. సిలికా పట్టిన బూడిద రాయి, సిలికాగా మారిన సున్నపురాయి చూడ్డానికి చెర్ట్‌లాగే ఉంటాయి. కొత్తగా పగిలిన ముఖాన్ని తడిపి లెన్సుతో చూడండి. గుండుసూది మొన అంత కూడా లేని గుండ్రటి చుక్కలు కనిపిస్తే అవి రేడియోలేరియా కావచ్చు.

ఇసుకరాయి–బురదరాయి జంట పొరల్లో, అడుగున ముతకగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటే అది టర్బిడైట్, అంటే సముద్రపు వాలు మీద దూసుకొచ్చిన బురద ప్రవాహం వదిలిన పొర. ఆ క్రమాన్ని ఆర్నాల్డ్ బౌమా 1962లో ఐదు భాగాలుగా వివరించారు. సముద్రపు వాలు మీద బురద ప్రవాహం ఎలా దూసుకుపోతుందో 1929లో గ్రాండ్ బ్యాంక్స్ భూకంపం చూపించింది, టెలిగ్రాఫ్ కేబుళ్ళు వరుసగా ఒకదాని తర్వాత ఒకటి తెగిపోయాయి. పొర అడుగు ముఖం మీద ప్రవాహం గీసిన గుంతల అచ్చులు కూడా ఉంటే దిశ, కిందామీదా రెండూ తెలుస్తాయి.

ఇక లావా ప్రవాహమా, సిల్లా? సిల్ అంటే తర్వాతెప్పుడో పొరల మధ్య దూరిన మాగ్మా. ప్రవాహమైతే దాని కింది రాయి మాత్రమే కాలుతుంది. సిల్ అయితే పైనా కిందా రెండూ కాలతాయి. సిల్ వయసు ఇచ్చేది కనిష్ఠ పరిమితి మాత్రమే, అంటే చుట్టూ ఉన్న అవక్షేపం అంతకన్నా పాతది. వీటికి మధ్యస్థంగా ఒక అదృష్టం ఉంది. వేడి మాగ్మా ఇంకా గట్టిపడని తడి బురదలోకి చొరబడితే రెండూ చిందరవందరగా కలిసిపోతాయి, దాన్ని పెపరైట్ అంటారు. పెపరైట్ కనిపిస్తే బురద, మాగ్మా దాదాపు ఒకే కాలానివి, ఒకదాని వయసు కడితే రెండోదానిదీ తెలిసినట్టే. అలాంటి చోట మిగతా పనులు ఆపి ఒక పూట గడిపినా తక్కువే.

## పద్ధతులు ఒక్కచోట

| పద్ధతి | కావలసిన రాయి | ఏ సంఘటన | కచ్చితత్వం | బలహీనత |
|---|---|---|---|---|
| జిర్కాన్ యురేనియం–సీసం, టిమ్స్ (గింజను కరిగించి కొలిచే పద్ధతి) | అగ్నిపర్వతపు బూడిద పొర, రయోలైట్ (సిలికా ఎక్కువున్న లావా), ప్లేజియోగ్రానైట్ (లేత రంగు మాగ్మా రాయి) | విస్ఫోటనం, మాగ్మా గట్టిపడటం | 0.1 శాతం, ఇంకా మెరుగు | ఖరీదు, నిదానం |
| జిర్కాన్ లేజర్ లేదా అయాన్ పుంజం | అవే, ఇసుకరాయి కూడా | అవే. ఇసుకరాయికి గరిష్ఠ వయసు | 1–2 శాతం | సీసం జారిపోవడాన్ని పట్టడం కష్టం |
| ఆర్గాన్–ఆర్గాన్ | శానిడిన్, హార్న్‌బ్లెండ్, అభ్రకం అనే ఖనిజాలున్న రాయి | చల్లబడిన కాలం | మంచి ఖనిజమైతే 0.1 శాతం స్థాయి | మళ్ళీ వేడెక్కితే గడియారం సున్నాకు వచ్చేస్తుంది |
| రీనియం–ఆస్మియం | కార్బన్ మెండుగా ఉన్న నల్ల షేల్ | బురద పేరుకోవడం | 1 శాతం, అటూ ఇటూ | నీళ్ళు, వాతావరణం తగిలిన రాయి పనికిరాదు |
| సమేరియం–నియోడిమియం | బసాల్ట్, కొమాటియైట్ (చాలా పాత రకం లావా) | లావా పారడం | కోట్ల ఏళ్ళ తేడా | కలగలుపు వల్ల దొంగ వయసు |
| శిలాజాలు (రేడియోలేరియా, కోనోడాంట్, గ్రాప్టోలైట్) | చెర్ట్, సున్నపురాయి, నల్ల షేల్ | బురద పేరుకోవడం | మంచిచోట పది ఇరవై లక్షల ఏళ్ళు | కేంబ్రియన్‌కు ముందు లేవు |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి గానీ, నిజంగా నమ్మేవి రెండే: బూడిద పొరలోని జిర్కాన్, సరైన శిలాజం. మిగతావి అవి దొరకనప్పుడో, వేరే ప్రశ్న ఉన్నప్పుడో.

### జిర్కాన్

జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి లోపల కనిపించే సీసంలో దాదాపు అంతా తర్వాత పుట్టినదే. పైగా ఇందులో రెండు గడియారాలున్నాయి. యురేనియం-238 సగం కావడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, యురేనియం-235కు సుమారు 70.4 కోట్ల ఏళ్ళు. రెండూ ఒకే వయసు చెబితే నమ్మొచ్చు. చెప్పకపోతే సీసం కొంత జారిపోయిందనో, పాత జిర్కాన్ కేంద్రం కలిసిందనో అర్థం. ఇలా తన తప్పును తానే బయటపెట్టే పద్ధతులు అరుదు.

లేజర్ పద్ధతిలో ఒక రోజులో వందకు పైగా గింజలు చూడొచ్చు. అయాన్ పుంజం పద్ధతి కోసం కాన్‌బెరాలో తయారైన ష్రింప్ యంత్రం ఇరవై ముప్పై మైక్రాన్ల చుక్కను మాత్రమే తవ్వుతుంది, కాబట్టి గింజ కేంద్రాన్నీ అంచునూ విడివిడిగా చదవొచ్చు. టిమ్స్‌లో గింజను పూర్తిగా కరిగించేస్తారు. జేమ్స్ మాటిన్సన్ 2005లో ప్రచురించిన విధానం ప్రకారం ముందు గింజను వేడిచేసి, ఆమ్లంతో దెబ్బతిన్న భాగాలను కరిగించి తీసేస్తారు. సీసం జారిపోయిన భాగం అలా పోతుంది.

తేడా ఎంత? 45 కోట్ల ఏళ్ళ రాయికి రెండు శాతం అంటే 90 లక్షల ఏళ్ళు. 0.1 శాతం అంటే నాలుగున్నర లక్షలు. అలాగని అందరూ టిమ్స్‌కు పరుగెత్తనక్కర్లేదు. ముందు లేజర్‌తో గింజలన్నీ చూసి, పాతవి, కలగలిసినవి పక్కన పెట్టి, మిగిలిన మంచి గింజలు నాలుగైదు టిమ్స్‌కు పంపడం తెలివైన పని.

ఇక్కడ అసలు చిక్కు బూడిద పొరకూ అగ్నిపర్వతపు ఇసుకకూ తేడా కనిపెట్టడం. బూడిద పొర అడుగు కత్తితో కోసినట్టు ఉంటుంది, చాలాసార్లు లేత రంగు మెత్తటి బంకమట్టిగా మారి, పక్క పొరల కన్నా లోపలికి అరిగిపోయి ఉంటుంది. అందులోని జిర్కాన్లు పదునైన అంచులతో పొడుగ్గా ఉంటాయి, వయసులు ఒకే గుంపుగా వస్తాయి. కొట్టుకొచ్చిన ఇసుకలో గుండ్రటి గింజలు, రకరకాల వయసులు. రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే పొర వయసు కోట్ల ఏళ్ళు పెరిగిపోతుంది.

ఇసుకరాయిలోని జిర్కాన్లు చెప్పేది "ఇది అంతకన్నా పాతది కాదు" అన్న మాట వరకే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్ళ జిర్కాన్ దొరికింది, కానీ అది ఉన్న రాయి సుమారు 300 కోట్ల ఏళ్ళది. అగ్నిపర్వతాల వరుస పక్కనే ఉన్న లోయలోకైతే తాజా జిర్కాన్ ఎప్పటికప్పుడు వచ్చి పడుతుంది, గరిష్ఠ వయసు అసలు వయసుకు బాగా దగ్గరగా ఉంటుంది. అగ్నిపర్వతాలు లేని ఖండపు అంచు దగ్గర ఆ ఆశ పెట్టుకోకండి.

బసాల్ట్ తప్ప ఏమీ లేనిచోట, దాని కింద ఉండే గాబ్రో (లోతులో నిదానంగా గట్టిపడ్డ మాగ్మా) భాగంలో లేత రంగు ప్లేజియోగ్రానైట్ సిరలు వెతకండి. ఒమన్ ఓఫియోలైట్‌కు (ఖండం మీదికి ఎక్కిన సముద్రపు అడుగు ముక్కకు) సుమారు 9.6 కోట్ల ఏళ్ళన్న వయసు అలాంటి రాళ్ళ జిర్కాన్ నుంచే తేలింది. సిల్‌లు, డైక్‌లు (పొరలను అడ్డంగా కోసుకుపోయిన మాగ్మా గోడలు) మాత్రమే ఉంటే బడెలైట్ అనే ఖనిజం ఉందేమో చూడమని ల్యాబ్‌ను అడగండి.

### శిలాజాలు

యంత్రాల మోజులో శిలాజాలను చిన్నచూపు చూసేవాళ్ళున్నారు. కానీ ఈ రకం రాళ్ళ చరిత్రను రెండుసార్లు తిరగరాసింది అవే.

స్కాట్లాండ్ దక్షిణ కొండల్లో వేల మీటర్ల మందం ఉన్న ఒకే వరుస ఉందనుకునేవారు. గాలాషీల్స్‌లో బడి పంతులుగా పనిచేసిన చార్లెస్ ల్యాప్‌వర్త్ నల్ల షేల్‌లోని గ్రాప్టోలైట్లను (పాత సముద్ర జీవుల శిలాజాలను) పొర పొరగా సేకరించి, ఒకే సన్నటి షేల్ మడతలతో, ఫాల్టులతో మళ్ళీ మళ్ళీ పైకొస్తోందని 1878లో చూపించారు. ఆయన పనిచేసిన డాబ్స్ లిన్‌లోనే ఇప్పుడు సైలూరియన్ కాలం మొదలుకు అంతర్జాతీయ ప్రామాణిక బిందువు ఉంది.

రెండోది జపాన్. అక్కడి మినో ప్రాంతంలో సున్నపురాళ్ళలోని శిలాజాలను బట్టి వరుస అంతా పేలియోజోయిక్ కాలానిదని చాలాకాలం నమ్మారు. చెర్ట్‌ను పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి రేడియోలేరియాను బయటికి తీసే పద్ధతి 1970ల్లో వచ్చాక బండారం బయటపడింది. చెర్ట్ ట్రయాసిక్–తొలి జురాసిక్, చుట్టూ ఉన్న బురదరాయి జురాసిక్, అంటే రెండూ పేలియోజోయిక్ తర్వాతివే. పాత సున్నపురాళ్ళు ఆ బురదలో చిక్కుకున్న దిమ్మెలు. దిమ్మె వయసును మొత్తం వరుస వయసుగా రాసుకున్నారన్నమాట. కాబట్టి ఇలాంటి చోట దిమ్మెను, దాన్ని పట్టుకున్న బురదను వేర్వేరు శాంపిళ్ళుగా తీయకపోతే ఏ ల్యాబూ మిమ్మల్ని కాపాడలేదు.

చెర్ట్‌కు ఇంకో గుణం ఉంది, అది నత్తనడకన పేరుకుంటుంది, వెయ్యేళ్ళకు కొద్ది మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల లెక్కన వంద మీటర్ల చెర్ట్‌కు 5 కోట్ల ఏళ్ళు. ఒక్క శాంపిల్‌తో దాని వయసు చెప్పేస్తే అర్థం లేదు, అడుగునా మధ్యలో పైనా తీయాలి. టర్బిడైట్ ఇసుక పొర దీనికి పూర్తిగా తిరగబడిన కథ, మీటరు మందం గంటల్లో పడిపోతుంది.

కోనోడాంట్లు (ఈల లాంటి పాత జీవుల పళ్ళ శిలాజాలు) కేంబ్రియన్ నుంచి ట్రయాసిక్ చివరి దాకా పనికొస్తాయి. వాటితో బోనస్ కూడా ఉంది: వేడి పెరిగేకొద్దీ లేత పసుపు నుంచి నలుపుకు రంగు మారతాయి, నల్లబడ్డాయంటే రాయి 300 డిగ్రీల దాకా పోయిందని అర్థం. ఆర్గాన్ పద్ధతికి డబ్బు పెట్టే ముందు ఈ రంగు చూసుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాత్రం ఎముకల దాకా పోయే విషం, సరైన ఫ్యూమ్ హుడ్, శిక్షణ లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు.

### ఆర్గాన్, రీనియం, సమేరియం

ఆర్గాన్–ఆర్గాన్ పద్ధతి బూడిదలోని శానిడిన్ మీద అద్భుతంగా పనిచేస్తుంది. సముద్రపు నీటిలో నానిన పాత బసాల్ట్ మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ, పొటాషియం నీటితో అటూ ఇటూ కదిలిపోతుంది. పైగా అభ్రకం సుమారు 300–350 డిగ్రీల దగ్గరే ఆర్గాన్‌ను వదిలేస్తుంది. కానీ రాళ్ళు ఎప్పుడు నలిగి వేడెక్కాయన్నదే మీ ప్రశ్న అయితే ఈ బలహీనతే బలమవుతుంది, స్లేట్‌లో కొత్తగా పుట్టిన తెల్ల అభ్రకం ఆ సంగతే చెబుతుంది.

రీనియం–ఆస్మియం నల్ల షేల్ పేరుకున్న కాలాన్ని నేరుగా ఇస్తుంది. బూడిదా శిలాజమూ రెండూ లేని కేంబ్రియన్ ముందరి వరుసలకు ఇది వరం. ఉపరితలం మీద ఎండకూ వానకూ మాగిన రాయి వద్దు, డ్రిల్ కోర్ తీసుకోండి.

సమేరియం–నియోడిమియం చాలా పాత లావాలకు ఆఖరి ఆసరా. సముద్రపు నీరు వీటిని అంతగా కదిలించదు గానీ, రెండు రకాల మాగ్మాలు కలిసినా గ్రాఫు మీద చక్కటి సరళరేఖే వస్తుంది, దానికి వయసుతో సంబంధం ఉండదు. ఈ పద్ధతిని లావా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి వాడితే ఎక్కువ ఉపయోగం.

## ఎవరికి ఏది

కొత్తగా మ్యాపింగ్ మొదలుపెట్టి, డబ్బు పెద్దగా లేనివాళ్ళు: శిలాజాలతో మొదలుపెట్టండి. కిందామీదా గుర్తులు ప్రతి పొర దగ్గరా నోట్ చేయండి. ఒకే ఒక్క జిర్కాన్ శాంపిల్‌కు డబ్బుంటే దాన్ని బూడిద పొరకే ఉంచండి, ఇసుకరాయికి ఖర్చు చేయకండి.

మడతలు పడ్డ, ముక్కలైన పట్టీల్లో పనిచేసేవాళ్ళు: మీకు ఒకటి రెండు కచ్చితమైన వయసుల కన్నా చాలా చోట్ల నుంచి ఓ మోస్తరు వయసులు మేలు. రేడియోలేరియా, లేజర్ జిర్కాన్ కలిపి వాడండి. ప్రతి ఫాల్ట్ ముక్కలోనూ చెర్ట్ నుంచి ఇసుకరాయికి మారే గీత దగ్గర వయసు కట్టండి. సముద్రపు అడుగు ఖండం దగ్గరికి చేరిన సమయం అదే.

గ్రీన్‌లాండ్‌లోని ఇసువా లాంటి 370 కోట్ల ఏళ్ళ రాళ్ళ మీద పనిచేసేవాళ్ళు: శిలాజాలు లేవు, రాళ్ళు బాగా మారిపోయాయి. ష్రింప్‌తో జిర్కాన్ కేంద్రం, అంచు విడదీసి చదవడం తప్పనిసరి, అంచు వయసు తర్వాతి వేడిది కావచ్చు. పొరలను అడ్డంగా కోసుకుపోయిన డైక్ దొరికితే దాని వయసు కూడా కట్టండి, కనిష్ఠ పరిమితి గట్టిగా నిలుస్తుంది.

జీవజాతులు అంతరించడం లాంటి సంఘటనల వెంట పడేవాళ్ళు: టిమ్స్ తప్ప మార్గం లేదు. చైనాలోని మైషాన్‌లో పెర్మియన్ చివరి వినాశనాన్ని 25.19 కోట్ల ఏళ్ళ దగ్గర అంత గట్టిగా నిలబెట్టగలిగింది దానికి పైనా కిందా ఉన్న బూడిద పొరల వల్లే.

రాగి, జింకు నిక్షేపాల అన్వేషణలో ఉన్నవాళ్ళు: నిక్షేపం పక్కనుండే రయోలైట్‌కు లేజర్ జిర్కాన్ సాధారణంగా సరిపోతుంది. బసాల్ట్ ఎలాంటి చోట పుట్టిందో తెలియాలంటే టైటానియం, జిర్కోనియం, నియోబియం లాంటి కదలని మూలకాలు చూడండి. సోడియం, పొటాషియం అంకెలు నమ్మితే నీళ్ళు ఆడిన ఆటను నమ్మినట్టే.

## శాంపిల్ ల్యాబ్‌కు పంపే ముందు

బూడిద పొరలో అడుగు భాగమే తీసుకోండి, బరువైన జిర్కాన్లు అక్కడే చేరతాయి. పై భాగంలోకి తర్వాతి బురద కలిసి ఉంటుంది. సంచి మీద పొర పేరుతో పాటు అది ఏ పొరకు ఎన్ని సెంటీమీటర్ల పైనో రాయండి.

రిపోర్టు వచ్చాక రెండు పద్ధతుల వయసులు పోల్చేటప్పుడు అంకె పక్కనున్న పొరపాటు పరిమితిలో ఏమేం కలిపారో చూడాలి. కొలత పొరపాటు మాత్రమే కలిపిన అంకెను, క్షయ స్థిరాంకం (మూలకం క్షయించే వేగం) పొరపాటు కూడా కలిపిన అంకెతో పోల్చకూడదు. ఆర్గాన్ వయసైతే ఇంకో జాగ్రత్త: ప్రమాణంగా వాడే ఫిష్ క్యానియన్ శానిడిన్ వయసును 2008లో 2.82 కోట్ల ఏళ్ళకు సవరించారు. అంతకు ముందు బాగా వాడుకలో ఉన్నది 2.802 కోట్లు. ఆ పాత విలువతో లెక్కగట్టిన 45 కోట్ల ఏళ్ళ రాయి కొత్త విలువతో సుమారు 25 లక్షల ఏళ్ళు పాతదవుతుంది, కాబట్టి పాత పేపర్ల ఆర్గాన్ వయసును మీ జిర్కాన్ వయసు పక్కన పెట్టే ముందు తిరిగి లెక్కగట్టుకోండి.